పదకొండు నిమిషాల రిపోర్టు

ఎదురింటి రాజమ్మ అన్నదట: "నీ కిరాయిదారుడు కంప్యూటర్ సారే గాదు లచ్చమ్మా. యాడనో ఏదో చేసి పారిపోయొచ్చినోడు. లేకుంటే ఇంట్ల ఒక తీరు, గల్లీ దాటంగనే ఇంకో తీరు మాట్లాడుతడా? మొన్న అమీర్‌పేట్‌ల చూసిన. కండ్లద్దాలు పెట్టుకోని 'ఏవండీ, రండి, కూర్చోండి' అంటుండు. ఇంట్ల ఎన్నడన్న అద్దాలు పెట్టిండా?"

బియ్యంలో రాళ్లేరుతూ లచ్చమ్మ ఈ ముచ్చటంతా చెబుతుంటే సురేందర్ గడప మీద కూర్చుని నవ్వాడు. నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. పరాయి దేశపు ముఠాలు పట్టుకోలేని వేషాన్ని బల్కంపేట గల్లీలో రాజమ్మ కూరగాయల సంచీ పట్టుకుని వస్తూ వస్తూ పట్టేసింది.

"నువ్వేమన్నవ్ అమ్మా?"

"ఏమంట? నా కొడుకసొంటోడు, నోరు మంచిగ పెట్టుకో అన్న."

లచ్చమ్మ కొడుకు సారయ్య దుబాయ్‌లో ఓ హోటల్లో వంటవాడు. ఆమెకు తెలిసింది అంతే. ప్రతి శుక్రవారం నాలుగింటికి గల్లీ చివరి కిరాణా కొట్టుకు ఫోన్ చేస్తాడు. నిజానికి సారయ్య దుబాయ్ ముఖం చూసిందే లేదు. ఆరేళ్లుగా శత్రుదేశపు రేవు పట్నంలో, మారు పేరుతో పరోటాలు కాలుస్తూ, ఏ ఓడ ఎప్పుడు కదిలిందో కబురు పంపుతున్నాడు. ఆ సంగతి సురేందర్‌కు తెలుసు. ఇద్దరూ గూఢచారులుగా ఒకే బ్యాచ్‌లో ట్రైనింగ్ తీసుకున్నారు. పోయేనాడు సారయ్య అడిగింది ఒక్కటే: "మా అమ్మను జర చూస్కో భాయ్." అందుకే సురేందర్ ఈ ఇంట్లో కిరాయికి దిగాడు.

పంజాగుట్టలో కళ్లజోళ్ల షాపు మీది అంతస్తు. 'పాత రికార్డుల భద్రత విభాగం' అని బోర్డు. ఎవరికీ లోపలికి రావాలనిపించని బోర్డు. తలుపు దగ్గర స్టూలేసుకుని ప్యూను పోచయ్య.

"సెకండ్‌హ్యాండ్ మెటీరియల్ దొరుకుతదా?" అన్నాడు సురేందర్.

"స్పైరల్ బైండింగే ఉంది."

"అట్టలేకున్నా సరే."

గుర్తు మాటలు సరిపోయాయి. పోచయ్య తలుపు తీశాడు. లోపల చీఫ్ చలపతిరావు ఒక కాగితం ముందుకు తోశాడు. ఇరవై లైన్ల కంప్యూటర్ ప్రోగ్రాం, జావాస్క్రిప్ట్‌లో.

"మన సర్వర్‌లో దొరికింది. సోమవారం పదిన్నరకి దానంతట అదే లేస్తుంది. ఒక రిపోర్టుని కనపడని ఫ్రేములో తెరిచి, వచ్చిన పేజీని వచ్చినట్టు బయటికి పంపేస్తుంది."

"ఏం రిపోర్టు సార్?"

"విదేశాల్లో ఉన్న మనవాళ్ల జాబితా. నలభై ఒక్క పేజీలు. అసలు పేర్లు, మారు పేర్లు, అడ్రసులు."

"అట్లాంటిది కంప్యూటర్‌లో ఎందుకు పెట్టారు సార్?"

"ఢిల్లీ ఆర్డరు. పేపర్‌లెస్ ఆఫీసు." ఆ మాట అనేటప్పుడు చలపతిరావు ముఖం చేదు మింగినట్టయింది.

సురేందర్ స్క్రిప్టు చదివాడు. పేజీ అడ్రసు చివర అప్పటి టైము తగిలించి ఉంది. అలా తగిలిస్తే బ్రౌజర్ పాత పేజీనే మళ్లీ చూపించి మోసం చెయ్యదు. అమీర్‌పేట్‌లో మొదటి వారమే చెప్పే చిట్కా అది. మధ్యలో ఒక లైను: 'ఇక్కడ మీ రిపోర్టు పేరు రాసుకోండి'. జిరాక్స్ నోట్సులోంచి దించుకున్నవాడు ఆ లైను తీసేయలేదు. అక్కడ ఎవరూ తీసేయరు. తీస్తే కోడ్ పనిచేయడం మానేస్తుందేమోనని భయం.

"అమీర్‌పేట్ సరుకే సార్."

"నేనూ అదే అనుకున్నాను. అందుకేగా ఆర్నెల్ల నుంచి నిన్నక్కడ పెట్టింది." ముఠా మనిషి అక్కడే కోచింగ్ తీసుకుంటున్నాడన్న అనుమానంతో సురేందర్‌ను ఫణీంద్ర అనే పేరుతో ఓ ఇన్‌స్టిట్యూట్‌లో రిపోర్టింగ్ టూల్స్ ఫ్యాకల్టీగా దింపారు. పవర్ లేని అద్దాలు, కోస్తా యాస, జేబులో మార్కర్. ఆ మార్కర్ వెనక భాగం పెన్ డ్రైవ్.

"ఇప్పుడే పీకి పారేద్దాం సార్."

"పీకితే ముఠా జారిపోతుంది. ఎక్కడికి పంపుతుందో లైను తెరుచుకున్నాకే తెలుస్తుంది. భయం లేదులే. ఆ రిపోర్టు తెరుచుకోవడానికి పదకొండు నిమిషాలు. నువ్వు మూడు నిమిషాల్లో అడ్రసు పట్టుకుని కేబుల్ లాగేస్తావు. ఒక్క పేజీ బయటికి పోదు."

"టైము ఎవరు చెప్పారు?"

"హైందవి. మన రిపోర్టులు చూసే అమ్మాయి. ముఠావాళ్లు ఆమెను కొనేశామనుకుంటున్నారు. కానీ మన మనిషే. నీ క్లాసులో కూర్చుంటోంది కదా, నీ మీద కన్నేసి ఉంచమని నేనే పంపాను."

సురేందర్‌కు గుర్తుంది. మూడో బెంచీ. తలమీదికి తోసిన నల్ల కళ్లద్దాలు. మనిషికంటే ముందు సెంటు వాసన క్లాసులోకి వచ్చేది. ఆదివారం బ్యాచ్‌లో సగం మంది బోర్డు వదిలేసి ఆమెనే చూసేవాళ్లు.

సోమవారం పదీ ఇరవైకి, ఆఫీసులో ఎవరికీ అనుమానం రాకుండా ఏసీ మెకానిక్ వేషంలో, భుజాన పానాల సంచీతో సురేందర్ సర్వర్ రూమ్‌లోకి దూరాడు. మార్కర్ మూత తీసి పెన్ డ్రైవ్ గుచ్చాడు. కంప్యూటర్ గుర్తించలేదు. బయటికి లాగి, నోటితో ఊది, మళ్లీ గుచ్చాడు. ఈసారి లైటు వెలిగింది. చేతిలో ఎన్ని మంత్రాలున్నా చివరికి ఊదడమే మిగులుతుంది.

పదిన్నర. స్క్రిప్టు లేచింది. లైను తెరుచుకుంది. పెన్ డ్రైవ్‌లోని ప్రోగ్రాం అడ్రసు వెతకడం మొదలుపెట్టింది. ఇంకా పదకొండు నిమిషాలు. సురేందర్ చెమట తుడుచుకోవడానికి చెయ్యెత్తాడు.

రెండు సెకన్లు. పేజీ వచ్చేసింది.

పేర్లు నిండుగా, నీట్‌గా, గళ్లల్లో. సురేందర్ చూపు పేజీ అడుగుకు జారింది. 'పేజీ 1' అని ఉంది. అంతే. మొత్తం ఎన్ని పేజీలో చూపించే అంకె లేదు.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

రెండు నెలల కింద ఓ ఆదివారం. హైందవి లేచి అడిగింది: "సార్, మా సేల్స్ రిపోర్టు తెరుచుకోవడానికి పదకొండు నిమిషాలు పడుతోందండి. మేనేజర్ గారు రోజూ తిడుతున్నారు."

"అడుగున మొత్తం పేజీలెన్నో చూపిస్తున్నారా? తీసేయండి," అన్నాడు సురేందర్ మార్కర్ తిప్పుతూ. "ఆ ఒక్క అంకె కోసం అది రికార్డులన్నీ ముందే తెచ్చుకుని కూర్చుంటుంది. తీసేశారంటే మొదటి పేజీ రెండు సెకన్లలో మీ ముందుంటుంది. మిగతావి తర్వాత నింపాదిగా వస్తాయి."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. సాయంత్రానికల్లా అది 'ఫణీంద్ర సార్ టిప్స్' అని జిరాక్స్ అయిపోయింది. వేషం నిలవాలంటే మంచి సారు కావాలి. ఆ చప్పట్లు ఎప్పుడు వేషాన్ని దాటి ఒంట్లోకి దిగాయో సురేందర్‌కే తెలియలేదు.

ఎగిరి దూకి కేబుల్ పీకాడు. రెండో పేజీ సగంలో తెగిపోయింది. మొదటి పేజీ వెళ్లిపోయింది.

మూడు నిమిషాలు అక్కర్లేకుండానే, తెగేలోపు అడ్రసు దొరికింది. బోరబండలో ఓ నెట్ సెంటర్. మనవాళ్లు పోయేసరికి కుర్చీ ఖాళీ, నెత్తిమీద ఫ్యాన్ మాత్రం తిరుగుతోంది. హైందవి మటుకు పంజాగుట్ట సిగ్నల్ దగ్గర స్కూటీ మీద దొరికింది. జీపెక్కించేటప్పుడు నల్లద్దాలు తీసి సురేందర్‌ను చూసింది.

"మీ టిప్ బాగా పనిచేసిందండి సార్."

ఆఫీసులో చలపతిరావు ఢిల్లీకి ఫోన్ చేస్తున్నాడు. "సక్సెస్ సార్. నలభై పేజీలు సేఫ్."

సురేందర్ ఆ ఒక్క పేజీ ప్రింటు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కువకాలంగా బయట ఉన్నవాళ్లు ముందు వచ్చేలా వరస పెట్టారు. మూడో లైను సారయ్య. మారు పేరు, పరోటా కొట్టు, గల్లీ నెంబరుతో సహా.

"వెనక్కి పిలవండి సార్."

"కబురు పెట్టాం. అతనికి చేరడానికి రెండ్రోజులు పడుతుంది." చలపతిరావు కిటికీ వైపు తిరిగాడు. "వాళ్లకి రెండు గంటలు."

"ఆ టిప్పు నాదే సార్. నేనే చెప్పిన."

చలపతిరావు అతని చేతిలోని ప్రింటు తీసుకుని సొరుగులో పెట్టాడు. తర్వాత అన్నాడు: "ఫైల్లో రాయకు."

శుక్రవారం నాలుగింటికి లచ్చమ్మ కిరాణా కొట్టు ముందు నిలబడింది. ఆరింటికి తిరిగొచ్చింది. మరుసటి శుక్రవారం కూడా అంతే. సురేందర్‌కు అన్నం పెట్టి, ఇంకొంచెం ఏసుకో అంది. అతను చెయ్యి కడిగేసుకున్నాడు.

మూడో శుక్రవారం చలపతిరావు వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో ఖర్జూరాల డబ్బా, దుబాయ్ హోటల్ మేనేజర్ వేషం. గడప మీద కూర్చున్న సురేందర్ ఆయన్ను చూసి చటుక్కున లేచి నిలబడ్డాడు. ఆరేళ్ల అలవాటు.

లచ్చమ్మ కుర్చీ వేసింది.

"మీవాణ్ణి వేరే బ్రాంచికి మార్చామమ్మా. ఎడారి లోపల. కొన్నాళ్లు ఫోన్ ఉండదు. బెంగ పెట్టుకోకండి."

ఖర్జూరాల డబ్బా ఆమె ముట్టుకోలేదు. ఆయన్ను చూసింది. సురేందర్‌ను చూసింది. ఎదురింటి తలుపు సందులోంచి రాజమ్మ అందర్నీ చూస్తోంది.

"దుబాయ్ సారువైతే, నిన్ను జూసి గీ పిలగాడెందుకు లేసి నిలవడ్డడు?"

చలపతిరావు చొక్కా గుండీ సవరించుకున్నాడు. సురేందర్ వేళ్లకంటిన మార్కర్ మరకను బొటనవేలితో రుద్దుకుంటూ నిలబడ్డాడు. అది పోవడం లేదు.

"రాజమ్మ జెప్తే నమ్మకపోతి," అంది లచ్చమ్మ. "నా కొడుకును పోగొట్టింది మీ ఇద్దర్ల ఎవలు?"