పైడి వెతికిన సానరాయి

పూర్వం వైడూర్యపురాన్ని ఉదయసేనుడనే రాజు పాలించేవాడు. మనిషి మంచివాడే కాని, ఎవరినో ఒకరిని ఆటపట్టించనిదే ఆయనకు పూట గడిచేది కాదు. ఒకసారి తన రాజ్యంలోని కొండసీమకు వేటకు వెళ్లినప్పుడు, కొండవాలులో గుర్రుపెట్టి నిద్రపోతున్న దీర్ఘశిఖుడనే రాక్షసుడు ఆయన కంటపడ్డాడు. వాడి పిలక వాగు దాకా పరుచుకుని ఉంది. రాజుకు చెయ్యి ఊరుకోలేదు. కత్తి దూసి పిలకను సగానికి తెగ్గోసి పకపకా నవ్వాడు.

రాక్షసుడు లేచి పిలక తడుముకుని బావురుమన్నాడు. ఆ తరువాత కొండ అదిరేలా అరిచాడు.

"నా జుట్టు నీకు నవ్వులాటా? నీకు పుట్టే కొడుక్కి ఇనపతీగల జుట్టు మొలుస్తుంది. అది వాడి మడమలు తాకిన రోజున వాడు నిలువునా ఇనుమైపోతాడు. క్షౌరకత్తికి తప్ప దేనికీ ఆ జుట్టు తెగదు. తీసేటప్పుడు ఒక్క చుక్క నెత్తురు చిందినా బిడ్డ నీకు దక్కడు!"

అంతటితో ఊరుకున్నాడా? క్షురకులవే కాదు, రాజ్యంలోని ఇళ్లన్నీ తిరిగి, కత్తులు నూరే సానరాళ్లను మూటగట్టుకుని తన గుహకు మోసుకుపోయాడు. శాపం పెట్టినవాడికి ఆ మాత్రం ముందుచూపు ఉంటుంది మరి.

రాకుమారుడు పుట్టాడు. జుట్టు భుజాలు దిగి, నడుము దాటి, మోకాళ్లకు వచ్చింది. పుట్టువెంట్రుకలు తీయడానికి మేనమామ ఒళ్లో కూర్చోబెట్టిన ప్రతిసారీ ఆస్థాన క్షురకుడు అప్పన్న కత్తి అంచు మడతపడిపోయేది. నూరుకుందామంటే రాయి లేదు. బిడ్డ ఇనుమైపోతాడేమోనని రాణి అన్నం మానేసింది.

అప్పన్నకు పైడి అని ఒక కూతురుంది. ఏ వస్తువు కనబడినా ముట్టుకుని, వాసన చూసి, వీలైతే నాలుకకు కూడా తగిలించి చూడటం ఆ పిల్ల అలవాటు. అందుకు తల్లి చేత రోజూ చీవాట్లు తింటూనే ఉండేది.

"నాన్నా, ఆ జుట్టును కోసే పదును ఏ రాయి ఇస్తాదో నీకు తెలీదా?" అని అడిగింది పైడి.

"మంచురాయని ఒకటి ఉండేదని మా తాత చెప్పీవోడమ్మా. దానిమీద నూరితే కత్తి తగిలినట్టే తెలీదట. ఎలా ఉంటాదో మాత్రం నేను చూడలేదు."

"మరైతే రాక్షసుడి గుహలోనే ఉండుంటాది. నేనెల్లి చూసొస్తాను."

అప్పన్న బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి తన మంచి కత్తిని ఆమె చేతిలో పెట్టాడు. "రాయిని నూరితే పాలలాంటి బురద వస్తాది. ఆ రాతిపాలు మాత్రం కడగొద్దు తల్లీ. మన ఇంట్లో ఎవరూ కడగలేదు. కడిగితే పదును పోతాదంటారు" అని చెప్పి పంపాడు.

అడవిలో మొదట ఒక ముని ఎదురయ్యాడు. ఆయన జడలు చెట్టుకొమ్మకు చిక్కుకుని ఎంతకాలమైందో ఏమో, పక్షులు అందులో కాపురం పెట్టాయి. పైడి గూళ్లు కదలకుండా చిక్కులన్నీ ఓపికగా విడదీసింది.

"చల్లగా ఉండమ్మా! నీకేం వరం కావాలో కోరుకో" అన్నాడు ముని.

"వరమొద్దు తాతా. మంచురాయి ఏ రంగులో ఉంటాదో చెప్పు, చాలు."

ముని నవ్వాడు. "రంగు చూసినవాళ్లంతా మోసపోయారు. రాయికి నోరుంది. నీళ్లు పోసి, వేలితో రుద్ది అడుగు. అదే చెబుతుంది."

ఇంకొంత దూరం వెళ్లేసరికి ఏనుగంత అడవిపంది ఒకటి దారికి అడ్డం నిలబడింది. దాని కోరలు తళతళలాడుతున్నాయి.

"మనిషిపిల్లా, ఇక్కడ మూడు బండలున్నాయి. నేను కోరలు నూరుకునే బండేదో చెప్పు. తప్పు చెప్పావో, ఈ కోరల పదును నీమీదే చూస్తాను" అంది పంది.

పైడి భయంతో రెండడుగులు వెనక్కి వేసింది. అయినా బండల దగ్గరకు పోగానే భయం సంగతి మరిచిపోయింది. మొదటి బండ మీద సన్నటి లోతైన గాళ్లున్నాయి. రెండోది ఎక్కడా అరగలేదు. మూడోది వెడల్పుగా, నున్నగా గుంటపడి ఉంది.

"నీ కోరలు లావు. సన్నటి గాడిలో పట్టవు. మూడోదే నీది. మొదటి దానిమీద ఎవరో కొడవళ్లు నూరుకున్నారు."

పంది సంతోషంతో ఘుర్రుమంది. "అరుగుదలను చూడటం తెలిసింది నీకు. ఎక్కు నా వీపు!" అని గుహ దాకా తీసుకుపోయింది.

గుహలో దీర్ఘశిఖుడు గడ్డం గోక్కుంటూ కూర్చున్నాడు. పిలక తెగిన రోజు నుంచి కత్తిని చూస్తే వాడికి హడలు. అందుకని గడ్డం పెరిగి దురదతో ప్రాణం తీస్తోంది.

"ఎవర్తివే నువ్వు? సానరాయి కోసం వచ్చావా? ఇక్కడున్న రాళ్లలో ఒక్కటే తీసుకో. దానిమీద కత్తి నూరి, అదే కత్తితో నా గడ్డం గియ్యి. చురుక్కుమనకపోతే రాయి నీది. చురుక్కుమందో, నిన్నూ రాయిని చేసి ఆ గుట్టలో పడేస్తాను!"

గుట్టలో పచ్చటివి, బంగారు చుక్కలవి, అద్దంలా మెరిసేవి ఎన్నో రాళ్లున్నాయి. పైడి ఒక్కొక్కదాన్నీ తడిపి వేలితో రుద్దింది. కొన్ని ఇసుకలా గరగరలాడాయి. కొన్ని గాజులా జారిపోయాయి. చాలావాటి మీద వంటకత్తుల గాళ్లు కనిపించాయి. సాయంత్రం కావస్తుంటే రాక్షసుడి మజ్జిగకుండ మీద మూతగా పెట్టిన నల్లటి రాయి ఆమె కంటపడింది. నూనెమడ్డి పట్టి, చూడటానికి అసహ్యంగా ఉంది. కాని దాని నడుమ వెడల్పుగా, ఒకే తీరుగా అరిగిన గుంట ఉంది.

'క్షౌరకత్తిని రాతిమీద వెన్ను, అంచు రెండూ ఆనేలా పడుకోబెట్టి నూరుతారు. అందుకే గాడి పడకుండా ఇలా అరిగింది. ఇది మావాళ్ల రాయే!' అనుకుంది పైడి.

కుంకుడురసం, బూడిద పెట్టి తోమేసరికి మడ్డి కింద నుంచి మబ్బురంగు బయటపడింది. గుహ నేలమీద ఇసుక పోసి, నీళ్లు చల్లి, గుంట పోయేదాకా రాయిని రుద్ది చదును చేసింది. మరో రాతిముక్కతో పైన రుద్దితే మీగడలాంటి రాతిపాలు వచ్చాయి. వేళ్ల మధ్య నలిపితే గరుకన్నదే లేదు. వానకు తడిసిన మట్టి వాసన వేసింది. కత్తి నూరి, తన తలవెంట్రుక ఒకటి పీకి అంచుకు తగిలిస్తే అది రెండుగా తెగిపడింది.

పైడి గంతులేసింది. అంతలో ఎందుకో ఆగి, తన ముంజేతిమీద నూగును గీసి చూసుకుంది. చర్మం భగ్గుమంది. ఎర్రటి చుక్క ఒకటి పైకి ఉబికింది.

పైడి చటుక్కున కత్తిని పక్కన పెట్టింది. ఇది రాకుమారుడి లేత తలమీద అయ్యుంటే? రాయి తప్పా, కత్తి తప్పా, తన చేతి తప్పా? అంచును వెలుగుకు పెట్టి చూస్తే కంటికి ఆనీ ఆనని గరుకు కనిపించింది. పదును తెచ్చిన రాతిపాలే చివరికి పదునును కొరుకుతున్నాయేమో! కడగొద్దన్న తండ్రి మాట గుర్తొచ్చింది. కడిగితే ఏమవుతుందో ఇంతవరకు ఎవరూ చూడలేదు కదా, చూస్తే పోలేదా అనిపించింది.

నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ నూరింది. పాలు పలచబడ్డాయి. చివరికి రాతిమీద తేటనీళ్లే మిగిలాయి. కత్తి చప్పుడు మెల్లగా అణిగిపోయి, రాయి కత్తిని తనకేసి లాక్కుంటున్నట్టు అనిపించింది. ఈసారి ముంజేతిమీద గీస్తే నూగు పోయిన సంగతి కంటికి తెలిసింది కాని చేతికి తెలియలేదు.

దీర్ఘశిఖుడు కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగబట్టి కూర్చున్నాడు. కాసేపటికి విసుక్కున్నాడు.

"ఎంతసేపే పిల్లా? ఎప్పుడు మొదలుపెడతావు?"

"ఒక చెంప అయిపోయింది మావా. అటు తిరుగు" అంది పైడి.

రాక్షసుడు చెంప తడుముకుని నోరు తెరిచాడు. రెండో చెంప కూడా నున్నబడేసరికి వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా జుట్టును మర్యాదగా పట్టుకున్నదానివి నువ్వొక్కతివే. శాపం వెనక్కి తీసుకోవడం నా చేతుల్లో లేదు. త్వరగా వెళ్లు!" అని ఆమెను భుజానికెత్తుకుని కోట గుమ్మంలో దించాడు.

అప్పటికి రాకుమారుడి జుట్టు మడమలకు వెంట్రుకవాసి దూరంలో ఉంది. మేనమామ బిడ్డను ఒళ్లోకి తీసుకున్నాడు. పైడి తేటనీళ్లతో కత్తిని మరోసారి నూరి, ఊపిరి బిగబట్టి మొదలుపెట్టింది. ఇనపతీగలు ఖంగు ఖంగుమని పళ్లెంలో రాలాయి. ఒక్క చుక్క నెత్తురు చిందలేదు. ఆ చప్పుళ్ల మధ్యే పసివాడు హాయిగా నిద్రపోయాడు.

ఉదయసేనుడు గుమ్మంలో నిలబడ్డ రాక్షసుడి కాళ్లమీద పడ్డాడు. "నా వేళాకోళానికి నా బిడ్డ బలి కాబోయాడు. నన్ను మన్నించు" అని ఏడ్చాడు. సానరాళ్లన్నీ ఎవరివి వారికి తిరిగి వచ్చాయి. కొండసీమకు పైడిని రాణిని చేస్తానని రాజు అక్కడికక్కడే ప్రకటించాడు.

పైడి ఆ మాట వినిపించుకోనేలేదు. ఆమె చూపు బిడ్డ తలమీదే ఉంది. అది గమనించి మహారాణి, "ముట్టుకో తల్లీ" అంది.

పైడి అరచెయ్యి ఆనించింది. దారి పొడవునా ఎన్నో రాళ్లు తడిమిన చెయ్యి అది. బిడ్డ తల వెచ్చగా, మెత్తగా, ఊపిరితో పాటు సన్నగా కదులుతోంది. అప్పుడు ఆమెకు ఏడుపు ఆగలేదు.

కథ కొండసీమకు చేరింది, పిల్లలూ. మనం ఇక అన్నాలకు లేద్దాం.