పూర్ణం తీసిన సీటు

అమ్మ పోయి ముప్పై తొమ్మిది రోజులైంది. అమ్మ పడుకున్న గదిలో మోటార్‌సైకిల్ ఉంది!

సవాకో గుమ్మంలోనే నిలబడిపోయింది. నేల మీది గడ్డి చాపలన్నీ ఎత్తి గోడకు ఆనించి ఉన్నాయి. ఆఖరి నెలలన్నీ అమ్మ దగ్గుతూ పడుకున్న చోట ఇప్పుడు పాత దుప్పటి ఒకటి పరిచి ఉంది. దాని మీద తుప్పు గీకిన ఇనుప చట్రం, విప్పేసిన ఇంజను, అమ్మ పచ్చళ్ల గిన్నెల్లో మరలూ నట్లూ... మూలన పూజా అల్మారాలో తెల్లగుడ్డ చుట్టిన అస్థికల కుండ. నలభై తొమ్మిదో రోజున గుడికి చేరవలసిన కుండ. అగరొత్తుల వాసన కూడా నూనె కంపులో కలిసిపోయింది. నాన్న ఇసాము తల ఎత్తలేదు. గరుకు కాగితంతో చక్రం రుద్దుతూనే "వచ్చావా" అన్నాడు. అంతే.

ఆ బండి అమ్మది. పెళ్లికి ముందు హాత్సుమి బండ్ల కర్మాగారంలో చక్రాలకు చువ్వలు అల్లేది. చువ్వను తట్టి, మోత విని, బిగువు చెప్పేదట. ఆ జీతంతోనే కొనుక్కుంది. కాపురానికి కూడా దాని మీదే వచ్చింది. మూడో రోజు పొద్దున హమనా సరస్సు దాకా తిరిగొస్తానని బండెక్కింది. అత్తగారు గేటు దగ్గర నిలబడి కొడుకు ఇసాము వంక చూసింది. కొడుకు ఒక్క మాట అన్నాడు: "దిగు."

హాత్సుమి దిగింది. నలభై రెండేళ్లు మళ్లీ ఎక్కలేదు. బండి కొట్టంలో టార్పాలిన్ కింద తుప్పు పట్టింది. ఆమె పాముల్లాంటి ఈల్ చేపలు పెంచే చెరువుల్లో నడుముల్లోతు నీళ్లలో భర్త పక్కన నిలబడి పనిచేసింది. ఆ 'దిగు' కథను కూతురికి నవ్వుతూనే చెప్పేది. ఆ నవ్వును సవాకో ఎన్నడూ క్షమించలేదు. నవ్వినందుకు అమ్మనూ, నవ్వించినందుకు నాన్ననూ.

బతికి ఉండగా ఎక్కనివ్వని మనిషి, చచ్చాక బండికి మెరుగు పెడుతున్నాడు! ఎవరిని మురిపించడానికి?

ఆ జవాబు వంటింట్లో మేనత్త కినుయో దగ్గర తయారుగా ఉంది. ముల్లంగి తరుగుతూ, గొంతు తగ్గించి, ఊరంతా అనుకుంటున్నది పూసగుచ్చినట్టు చెప్పింది. ఇసాము కొత్త సీటు చేశాడు. చేసి, లోపలి మెత్తంతా కోసి పారేశాడు. బండ్ల వాళ్లు దాన్ని పూర్ణం తీయడమంటారు. పొట్టివాళ్ల కాళ్లు నేలకు అందడం కోసం తీస్తారు.

"మీ నాన్న పొడుగెంత, ఆ సీటు ఎత్తెంత? నువ్వే చూడవే. నూడుల్స్ కొట్టు ఓకియో ఉంది కదా, ముంతంత పొట్టిది. మొగుడు పోయి ఆరేళ్లు. నేనేమీ అనడం లేదమ్మా, ముల్లంగి తరుగుతున్నాను."

సవాకో మొహం కడుక్కుంది. కళ్లకు అద్దుకోవడానికి ఐసు కోసం ఫ్రిజ్ పైఅర తెరిచింది. గడ్డకట్టిన చేపల పక్కన ప్లాస్టిక్ సంచిలో బేరింగు ఒకటి చల్లగా పడుకుని ఉంది. చల్లబడి కుంచించుకుంటే ఇంజను గూటిలో తేలిగ్గా దిగుతుందని అక్కడ పెట్టాడట. అమ్మ చేత్తో కట్టిన ఆఖరి చేపల పొట్లాల మధ్య!

ఆమె గదిలోకి వచ్చింది. ఏడవలేదు.

"నలభై తొమ్మిదో రోజున అమ్మను నాతో తీసుకుపోతాను నాన్నా. మా ఊరి గుడిలో పెట్టిస్తాను. ఇక ఈ గడప తొక్కను. నీకు అడ్డమెవరూ ఉండరు."

ఇసాము చేతిలో కాగితం ఆగింది. మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు. ఆ రోజుకు చక్రాలు సిద్ధమవుతాయి, అప్పుడు చూద్దువుగాని అన్నాడు.

మర్నాడు పొద్దున సరస్సు మీది మంచు కిటికీ దాకా వచ్చింది. నారింజ తోటలు ఉన్నాయో లేవో తెలియడం లేదు. రాత్రి కలలో అమ్మ ఆ మంచులోనే బండి మీద పోతూ కనిపించింది. చప్పుడు లేదు, జుట్టు మాత్రం ఎగురుతోంది... సవాకో అమ్మకు టీ పెడదామని అల్మారా ముందున్న టీ డబ్బా తీసింది. ఆకులు కాదు, లోపల ఏవో అట్టముక్కలు గలగలమన్నాయి.

మూత తీసింది. లైసెన్సులు.

పన్నెండు. అన్నీ హాత్సుమివే, అన్నీ మోటార్‌సైకిలువే. కొత్తది ఇచ్చేటప్పుడు పాతది కావాలని అడిగితే చిల్లు పొడిచి తిరిగిస్తారు. ఆమె ప్రతిసారీ అడిగి తెచ్చుకుంది. ఇరవైమూడేళ్ల గుండ్రటి మొహం, పక్కన చిల్లు. ముప్పై ఏళ్ల మొహం, చిల్లు. నలభై, యాభై... చెంపలు జారాయి, జుట్టు నెరిసింది, కళ్లు మాత్రం ప్రతి బొమ్మలోనూ దూరంగా దేన్నో చూస్తున్నట్టే ఉన్నాయి. ఆఖరిదానికి చిల్లు లేదు. దాని మీద బంగారు పట్టీ ఉంది, ఏళ్ల తరబడి ఒక్క తప్పు చేయనివాళ్లకిచ్చేది. బండే ఎక్కని మనిషి తప్పెక్కడ చేస్తుంది?

"పళ్ల డాక్టరు దగ్గరికని చెప్పి వెళ్లేది." నాన్న గొంతు వెనక నుంచి వచ్చింది. "చివరిదాకా దాని పళ్లలో ఒక్క పుచ్చు లేదు. నేను చూడనే లేదు."

అమ్మ పోయిన నాలుగో రోజున ఆ టీ డబ్బా బియ్యం డబ్బా అడుగున దొరికిందట, ఆయనే తెచ్చి అల్మారా ముందు పెట్టాడట. ఆ రోజే కొట్టం తలుపు తీశాడట. సీటు కొలత ఎవరిదని ఇక అడగనక్కర్లేకపోయింది.

"మళ్లీ ఒక్కసారి అడిగుంటే సరేననేవాణ్ని" అన్నాడు ఇసాము. "అడగలేదు."

"ఎందుకడగాలి?" అంది సవాకో.

ఆడది రెండోసారి అడగలేదంటే సుఖంగా ఉందని అనుకునే మగవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. ఆ ఇల్లు ఖాళీ అయ్యాక గాని వాళ్లకు తెలివి రాదు. వచ్చి ఎవరికి లాభం?

తరవాతి వారమంతా తండ్రీకూతుళ్లు పట్టుమని పది మాటలు మాట్లాడుకోలేదు. అయినా సవాకో వెళ్లిపోలేదు. వెనక చక్రం వంకర తిరుగుతోంది. చెరువుల్లో నానిన నాన్న వేళ్లు ఏ చువ్వ బిగించినా ఇంకోచోట వంకర తేలుతోంది. రెండు రోజులు చూసి, మూడో రోజున సవాకో వంటింట్లోంచి పుల్ల ఒకటి తెచ్చి పక్కన కూర్చుంది. చిన్నప్పుడు తన బడి సైకిలు చువ్వలను అమ్మ అన్నం తినే పుల్లతో తడుతూ, ఏది బొంగురుగా పలికితే అది వదులని చెప్పేది. ఆమె తట్టింది. ట్రింగ్... ట్రింగ్... తప్. "ఇది" అంది. ఆయన బిగించాడు. అలా ముప్పై ఆరు చువ్వలు. సాయంత్రానికి చక్రం గిర్రున, నిండుగా, ఎటూ ఒరగకుండా తిరిగింది. గోడ మీద దాని నీడ కూడా ఒరగలేదు. ఇద్దరూ అది ఆగేదాకా చూస్తూ కూర్చున్నారు.

నలభై తొమ్మిదో రోజుకు ఇంజను కాలేదు. బండికి నంబరు లేదు. ఇసాము హాత్సుమి కుండను ఆ పొట్టి సీటు మీద పెట్టి, చంటిబిడ్డను వీపుకు కట్టుకున్నంత జాగ్రత్తగా తాడు చుట్టాడు. నడిపించుకుపోతానన్నాడు. ఊరు నవ్వుతుందని కినుయో నెత్తి కొట్టుకుంది. "నలభై రెండేళ్లు నన్ను చూసి నవ్వలేదుగా అక్కా, ఇప్పుడు నవ్వనీ" అన్నాడాయన.

ఎక్కడికి తీసుకుపోవాలో సవాకో ఆలోచించలేదు. బండి ఈ ఊరి గుడి దారి పట్టింది కనుక ఆ గుడికే నడిచింది, ఒక చెయ్యి కుండ మీద వేసి. కుంటి మోకాలితో నాన్న హ్యాండిల్ పట్టుకుని ఎత్తు ఎక్కుతున్నాడు. మంచులో చక్రాలు చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి. నూడుల్స్ కొట్టు ముందు ఓకియో చీపురు పక్కనపెట్టి, నడుము వంచి, వాళ్లు మలుపు తిరిగేదాకా లేవలేదు. వెనకే వస్తున్న కినుయో ఆమెను దాటుతూ తల దించుకుంది.

కుండ సమాధిలోకి వెళ్లింది. రాయి మూశారు.

తిరుగు దారి అంతా పల్లం, సరస్సు దాకా. గుడి మెట్ల దగ్గర ఇసాము బండి నిలబెట్టి పట్టుకుని, కూతురి వంక చూడకుండా, నీళ్ల వంక చూస్తూ అన్నాడు:

"ఎక్కు."

సవాకో కదలలేదు. ఆ మాట నలభై రెండేళ్లు ఆలస్యం. రావలసిన మనిషికి కాక ఇంకొకరికి వచ్చింది. క్షమించలేదామె. క్షమించానని చెప్పనూ లేదు. కాని కాలు వేసి కూర్చుంది. రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాయి. అమ్మ ఎత్తే, అమ్మ చేతులే... బ్రేకు వేళ్లకు అందింది.

"కుడి చేతి కింద బ్రేకు" అన్నాడు ఆయన. "వదులుతున్నా."

వదిలేశాడు. బండి చప్పుడు లేకుండా పల్లంలోకి జారింది. మంచు తెరుచుకుంటూ పోయింది.