తువ్వాలు కింద మార్కులు

"ఆయన మీకు నిజంగా నచ్చాడా?"

తిరువూరు బస్టాండు దగ్గర షేర్ ఆటో దిగి, వానకు తడవకుండా టీ కొట్టు రేకుల కిందకు పరుగెత్తాను. అక్కడ నిలబడి ఉన్న ఒక అమ్మాయి నా చేతిలో కాగితం తీసుకుని, పైనుంచి కిందదాకా చూసి అడిగిన మొదటి మాట అది. నమస్కారం లేదు, మీ పేరేమిటని లేదు.

"ఎవరండీ?"

"ఆటోలో మీ పక్కన కూర్చున్న పెద్దాయన. పదికి పది మార్కులు వేశారు."

"వేశానండీ."

"ఆయన మీ భుజం మీద నిద్రపోతూ వచ్చాడు. దిగేటప్పుడు మీరే లేపారు. నేను చూశాను."

"మొదట్లో ఓ ఐదు నిమిషాలు మాట్లాడాడండీ. పత్తికి మందు ఎప్పుడు కొట్టాలో చెప్పాడు."

"ఐదు నిమిషాలకి పది మార్కులా?"

"పెద్దాయన కదండీ. తక్కువ వేస్తే ఏం బాగుంటుంది?"

ఆ అమ్మాయి నుదురు కొట్టుకుంది. తడిసిన జుట్టులోంచి రెండు చినుకులు కాగితం మీద పడి, నేను వేసిన పదిలో సున్నాను చెరిపేశాయి.

"చూశారా, వానకున్న నిజాయితీ మీకు లేదు" అంది.

నాకు కోపం రావాలి. రాలేదు. పైగా ఆమె ఇంకేం అంటుందో వినాలనిపించింది.

నా పేరు కిరీటి. ఊరు వినగడప, తిరువూరులో డ్రిప్ పైపుల షాపు. బైకు మెకానిక్ దగ్గరుండబట్టి ఆ రోజు గంపలగూడెంలో ఆటో ఎక్కాల్సి వచ్చింది. ఎక్కగానే డ్రైవర్ అనుదీప్ ఓ కాగితం చేతిలో పెట్టి, "పక్కనున్న కొత్త మనిషితో మాట్లాడుకుంటూ రా అన్నా. దిగాక మార్కులెయ్యి. సైకాలజీ మేడంకి కావాలంట" అన్నాడు. మేడం అంటే కళ్లద్దాల పెద్దావిడ అనుకున్నాను. తీరా చూస్తే ఇదీ సంగతి.

మేడం పేరు స్నిగ్ధ. విశాఖలో ఎం.ఏ. సైకాలజీ చివరి సంవత్సరం. తిరువూరులో పెద్దమ్మగారింట్లో దిగి ప్రాజెక్టు చేస్తోంది. ఆమె సంచిలో అప్పటికి అరవై నాలుగు కాగితాలున్నాయి. అన్నిటిలోనూ పదికి పదే. ఒకాయనైతే పన్నెండు వేశాడు.

"మీ వాళ్లకి ఇంత మర్యాద ఏంటండీ బాబూ! వీటితో నేనేం రాయను? ఇంకా రెండు వారాలే టైముంది." ఆమె కోపం నా ఒక్కడి మీద కాదని అప్పుడుగానీ నాకు అర్థం కాలేదు.

మళ్లీ కాగితం వైపు చూసి, "రెండో ప్రశ్న ఖాళీగా వదిలేశారేం?" అంది. మీరు ఆ మనిషికి ఎంత నచ్చి ఉంటారు? అని ఉందక్కడ.

"అది నాకెలా తెలుస్తుందండీ? పాపం, నా మాటలకి విసుగొచ్చే నిద్రపోయి ఉంటాడు."

ఆమె చటుక్కున తలెత్తింది. "నిజంగా అలా అనుకున్నారా?"

"నేనెవరితో మాట్లాడినా అలానే అనుకుంటానండీ."

"అదేనండీ నేను వెతుకుతున్నది!" అంది. కోపం ఎటు పోయిందో పోయింది. "ముక్కూమొహం తెలియని ఇద్దరు కాసేపు మాట్లాడుకుంటారు. విడిపోయాక ఇద్దరూ ఒకటే అనుకుంటారు. నాకైతే ఆ మనిషి నచ్చాడు, నేను మాత్రం ఆయనకి అంతగా నచ్చి ఉండను అని. ఇద్దరూ పొరబడతారు! మనం ఎక్కడ తడబడ్డామో, ఏ మాట పిచ్చిగా అన్నామో మన మనసు పట్టుకుని కూర్చుంటుంది. ఎదుటివాళ్లకి అవేవీ కనపడవు. విదేశాల్లో చాలామంది మీద పరీక్షించి చూశారు. మన దగ్గర షేర్ ఆటోల్లో కూడా అలాగే ఉంటుందా అని నా ప్రశ్న."

ఆ మాటలు నాకు సూటిగా తగిలాయి. కారణం ఉంది.

నాకు అప్పటికి రెండు పెళ్లిచూపులయ్యాయి. రెండుచోట్లా అమ్మాయితో కాసేపు మాట్లాడాను. రెండుసార్లూ దారిలోనే మా అమ్మతో "మనమే వద్దని చెప్పేద్దాం" అన్నాను. వాళ్లు కాదనేలోపు మనమే కాదంటే పరువు దక్కుతుందని నా ఆలోచన. ఏడాది తర్వాత తెలిసింది, రెండో అమ్మాయి ఆ రోజే వాళ్ల నాన్నతో సరేనందట. నేనెందుకు వద్దన్నానో తెలియక నెల రోజులు బాధపడిందట. అది విన్నప్పటినుంచి నా మీద నాకే అసహ్యంగా ఉండేది. నాలాంటి పొరపాటు లోకమంతా చేస్తోందని ఈ అమ్మాయి చెబుతుంటే గుండె మీంచి ఏదో బరువు దిగినట్టయింది.

"కాగితం మీద ఎవరూ నిజం వేయరండీ, నలుగురూ చూస్తారని భయం" అన్నాను. "తువ్వాలు కిందైతే చెబుతారు."

"తువ్వాలు కిందా?"

చెప్పాను. మా తాతయ్య వీరరాఘవయ్య వయసులో ఉన్నప్పుడు సంతల్లో ఎడ్ల బేరాలు కుదిర్చేవాడు. అమ్మేవాడి చెయ్యి ఒకసారి, కొనేవాడి చెయ్యి ఒకసారి తువ్వాలు కింద పట్టుకునేవాడు. వాళ్లు తాతయ్య వేళ్లు ఎన్ని పట్టుకుంటే అదే వాళ్లు చెప్పే ధర. చుట్టూ వందమంది నిలబడినా ఎవరి మనసులో ఏముందో బయటికి పొక్కేది కాదు.

స్నిగ్ధ కళ్లు పెద్దవయ్యాయి. "మీ తాతగారు ఇప్పుడు ఎక్కడుంటారు?"

మరునాడు సాయంత్రానికి ఆమె మా వసారాలో ఉంది. తాతయ్య ఆమె చెప్పిందంతా విని, మీసం దువ్వుకుని, "చేసి చూపిస్తేగానీ తెలీదమ్మాయ్. ముందు మీరిద్దరూ ఓ పది నిమిషాలు మాట్లాడుకోండి" అన్నాడు.

మాట్లాడుకున్నాం. అంటే నేను మాట్లాడాను. ఆ పది నిమిషాల్లో తొమ్మిది నిమిషాలు డ్రిప్ పైపుల గురించే. చుక్క ఎక్కడ పడితే వేరు అటే పోతుందన్నాను. "నీళ్లు ఎటున్నాయో వేరుకి ఎలా తెలుస్తుందండీ?" అని అడిగింది. నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. చెప్పాక, బుర్రలేనివాడు అనుకుంటుందేమోనని చెమటలు పట్టాయి.

చేతికి ఐదే వేళ్లు కాబట్టి మార్కులు ఐదుకే పెట్టుకున్నాం. తాతయ్య తువ్వాలు కప్పి, ఎదుటి మనిషి ఎంత నచ్చారని మొదటి ప్రశ్న అడిగాడు. నేను ఆయన ఐదు వేళ్లూ గట్టిగా పట్టుకున్నాను. రెండో ప్రశ్నకు రెండు వేళ్లు పట్టుకుని, కాసేపు ఆలోచించి ఒకటి వదిలేశాను. తర్వాత స్నిగ్ధ చెయ్యి తువ్వాలు కిందకు వెళ్లింది. చాలాసేపు అక్కడే ఉంది. తాతయ్య మొహంలో ఏ మార్పూ లేదు.

"ఎన్ని తాతయ్యా?" అన్నాను, ఉండబట్టలేక.

"నోర్ముయ్యరా. ఒకరి మాట ఇంకొకరి చెవిన వేసేవాడు మధ్యవర్తేంటి?"

"పోనీ నాకు చెప్పండి తాతగారూ, రీసెర్చ్ కదా" అంది స్నిగ్ధ.

"నీకూ చెప్పనమ్మాయ్. బేరం కుదిరినప్పుడే చెప్పేది."

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. "ఏముందిలెండి, మనది ప్రాక్టీసే. లెక్కలోకి రాదు" అంది నాతో. లెక్కలోకి రాదన్న మాట ఆ రాత్రి నాకు అన్నం సహించనివ్వలేదు.

స్నిగ్ధ ప్రాజెక్టు గైడ్ ఫోన్లో ఈ పద్ధతి విని నవ్వి, జాగ్రత్తగా రాసిపెట్టుకోమన్నారట. ఇక రోజూ పొద్దున్నే బస్టాండు దగ్గర మా పని మొదలు. ఆడవాళ్ల దగ్గర తువ్వాలు ఆమె పట్టేది, మగవాళ్ల దగ్గర నేను.

"మీరు మరీ గట్టిగా పట్టుకోనిస్తున్నారు, నిన్న ఒకాయన మీతో కుస్తీ పట్టాడు" అనేది.

"మార్కు గట్టిగా వేశాడండీ."

"గట్టి మార్కు, మెత్తటి మార్కు ఉండవండీ సైన్సులో!"

జనం నిజం చెప్పడం మొదలుపెట్టారు. మేరమ్మ, జ్ఞానమణి అని ఇద్దరు కూలికి వెళ్లేవాళ్లు ఉన్నారు. ఏడాదిగా ఒకే ఆటోలో వస్తూ ఏనాడూ పలకరించుకోలేదు. ఆ రోజు మాట్లాడుకున్నారు. దిగాక ఇద్దరూ మొదటి ప్రశ్నకు ఐదు వేళ్లు, రెండోదానికి రెండు వేళ్లు పట్టుకున్నారు. ఎవరి వేళ్ల సంగతీ స్నిగ్ధ బయటపెట్టలేదు. అందరికీ చెప్పినట్టే, "మనం అనుకునేదానికంటే ఎదుటివాళ్లకి ఎక్కువే నచ్చుతాం" అని చెప్పి పంపింది. మరునాటినుంచి జ్ఞానమణి తన పక్కన మేరమ్మకు సీటు ఆపి ఉంచడం మొదలుపెట్టింది.

అలా నూటయాభై మంది అయ్యారు. దాదాపు అందరిదీ ఒకటే పొరపాటు. నేను అవన్నీ నోట్ చేస్తూనే ఉన్నాను. పని అవగానే మాత్రం "షాపు తీయాలండీ" అంటూ పరుగెత్తేవాణ్ణి. ఎక్కువసేపు ఉంటే ఆమెకు విసుగొస్తుందని నా భయం. ఇంటికెళ్లి తాతయ్య చుట్టూ తిరిగేవాణ్ణి. "రెండా? మూడా? తలైనా ఊపు." ఆయన తల ఊపితే ఒట్టు.

గురువారం సాయంత్రం స్నిగ్ధ వీడ్కోలు చెప్పడానికి మా ఇంటికొచ్చింది. మర్నాడు పొద్దున్నే బస్సు. వసారాలో తాతయ్య పక్కన కూర్చుని, ప్రాజెక్టు బాగా వచ్చిందని చెప్పింది. అమ్మ కాఫీ తేవడానికి లోపలికి వెళ్లింది. సన్నగా వాన మొదలైంది. ఈ అమ్మాయిని కూడా పోనిస్తే ఇక జీవితాంతం నన్ను నేను క్షమించుకోలేననిపించింది.

"స్నిగ్ధ గారూ, వేరుకి నీళ్లు ఎటున్నాయో ఎలా తెలుస్తుందో చదివానండీ" అని మొదలుపెట్టాను. ఎందుకు అలా మొదలుపెట్టానో దేవుడికే తెలియాలి.

"అవునా, ఎలా?"

"తర్వాత చెప్తానండీ. ముందు వేరే మాట ఉంది. నాకు మీరు నచ్చారు. పెళ్లి చేసుకోవాలన్నంత నచ్చారు. మీకు నేను నచ్చి ఉండనని నా మనసు ఇప్పుడు కూడా చెబుతోంది. కానీ నూటయాభై మంది మనసులు వాళ్లకి తప్పు చెప్పాయి. నా ఒక్కడికే ఒప్పు చెబుతుందా అని అనుమానం వచ్చింది. అందుకే అడుగుతున్నాను."

తాతయ్య కళ్లు మూసుకుని నిద్ర నటించాడు.

స్నిగ్ధ నా వైపు తిరిగి, "రేపు పొద్దున్న బస్సు పెట్టుకుంటే ఇవాళా చెప్పేది?" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "రోజూ పని అవగానే షాపు షాపు అని పరుగెత్తేవారు. నా వాగుడు భరించలేకే పోతున్నారనుకున్నాను."

"నేను మిమ్మల్ని విసిగిస్తున్నానేమోనని వెళ్లేవాణ్ణండీ."

"సైకాలజీ చదివి, ప్రాజెక్టు చేసి, నేనూ అదే తప్పు చేశానన్నమాట." కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

"అంటే..."

"అంటే సరేనని. మీవాళ్లు నూజివీడు వచ్చి మా అమ్మానాన్నలతో మాట్లాడాలి."

కాఫీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి మా అమ్మ సరోజినీదేవి అంతా వినేసింది. "వస్తామమ్మా, ఆదివారమే వస్తాం" అంది. వెంటనే నా వైపు తిరిగి, "ఈసారి దారిలో వద్దనవు కదరా?" అని అడిగింది. నేను తల అడ్డంగా ఊపిన ఊపుకి, అమ్మ నా చేతికిచ్చిన గ్లాసులో కాఫీ ఒలికింది.

ఇక ఆగలేకపోయాను. "తాతయ్యా, బేరం కుదిరింది. ఇప్పుడైనా చెప్పు. ఆ రోజు స్నిగ్ధ గారు ఎన్ని వేళ్లు పట్టుకున్నారు?"

తాతయ్య ఒక కన్ను తెరిచాడు. "నాకేం తెలుసురా?"

"తెలియదా?"

"షుగరొచ్చి వేళ్లకి స్పర్శ పోయి నాలుగేళ్లయింది. నువ్వు పట్టుకున్నావో లేదో కూడా తెలీదు. అంత ఆశగా అడిగింది పిల్ల, నాకు చేతకాదని చెప్పడానికి నోరు రాలేదు."

రెండు వారాలు ఈయన కాళ్ల చుట్టూ తిరిగాను! స్నిగ్ధ స్తంభాన్ని పట్టుకుని పగలబడి నవ్వుతోంది.

"మీరైనా చెప్పండి. ఎన్ని?" అన్నాను.

"చెప్పను. పెళ్లయ్యాక మొదటిసారి గట్టిగా పోట్లాడుకుంటాం చూడండి, ఆ రోజు చెప్తా."

ఆ పోట్లాట ఎప్పుడొస్తుందా అని అప్పటినుంచి ఎదురుచూస్తున్నాను.