బ్యాటరీ కారుకు ఎర్త్ గుంత

“ఓ అక్కా, గాడికి పోకు! వైర్లున్నయ్, షాక్ కొడ్తది!”

నిచ్చెన మీద నుంచి పేతురు అరిచిన అరుపుకు షెడ్డులో పడుకున్న పిల్లి లేచి గోడ దూకింది గానీ, ఆ అమ్మాయి మాత్రం ఒక్క అడుగు కూడా వెనక్కి వేయలేదు. నీలం నేత చీర, భుజాన నల్ల సంచీ, చేతిలో గొడుగు. నేరుగా స్విచ్ బోర్డు దగ్గరికే నడిచింది.

“జాకెట్లు కుట్టేటామెవా? రాధాబాయమ్మ ఇంట్ల ఉన్నది. గిది కారు షెడ్డు.”

“మెయిన్ బంద్ చేసినవా?” అని అడిగింది ఆమె.

“చేసిన. ఎందుకు?”

“బంద్ చేస్తే షాక్ ఎట్ల కొడ్తది?”

ఆమె సంచీలోంచి టెస్టర్ తీసి, బోర్డు మూత విప్పి, లోపల చూస్తూనే చెప్పింది.

“నా పేరు సలోమి. కరెంటాఫీసుకు కొత్తగ వచ్చిన సబ్ ఇంజనీరును. గీ ప్లగ్గు పాయింటు చూసి సంతకం పెట్టాలె. జర నిచ్చెన దిగుతవా?”

పేతురు దిగాడు. దిగేటప్పుడు ఒక మెట్టు తప్పింది కూడా. పాపం, ఎవరికైనా తప్పుతుంది.

అది తొంభై అయిదు, జూన్ నెల. లక్సెట్టిపేటలో ఆ వారం ఎవరి నోట విన్నా ఒకటే ముచ్చట: వకీల్‌సాబ్ బ్యాటరీ కారు. రిటైరైన వకీలు దామోదర్‌రావుకు మోకాళ్ల నొప్పులు. క్లచ్ తొక్కలేడు, కారు వదులుకోలేడు. ఎవరో చెబితే పెట్రోలూ గేర్లూ లేని, ఇద్దరు పట్టే చిన్న కారు తెప్పించుకున్నాడు. రాత్రి ప్లగ్గు పెడితే తెల్లారేసరికి ఛార్జి అవుతుందట. ఆదివారం దాన్ని రోడ్డు మీదికి తీస్తానని ఊరందరికీ చెప్పేశాడు. ప్లగ్గు పెట్టడానికి షెడ్డులో పాయింటే లేదన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

ఆ పని పేతురుకు దొరికింది. ఐటీఐ చదివి, వైర్‌మన్ పర్మిట్ తెచ్చుకుని, ఇన్నాళ్లూ మేస్త్రీల కింద చేసినవాడికి సొంత పేరు మీద ఇదే మొదటి పని. వాడి తండ్రి తోమాసు ముప్పై ఏళ్లు కరెంటు స్తంభాలకు గుంతలు తవ్విన కూలి. ఏ ఒక్కరోజూ ఆయన్ని వైరు ముట్టనివ్వలేదు, ఏ కాగితం మీదా ఆయన పేరు రాయలేదు. కొడుకు వైరు పట్టుకుంటే చూడాలని ఆయన కోరిక. ఊళ్లో మొట్టమొదటి బ్యాటరీ కారుకు పాయింటు పెట్టింది తోమాసు కొడుకు అనిపించుకోవాలని పేతురు కోరిక.

“వైరింగు సాఫ్ ఉన్నది. గీత గీసినట్టే ఉన్నది,” అంది సలోమి.

పేతురు ఛాతీ రెండు అంగుళాలు పెరిగింది.

“ఎర్త్ ఏడికి ఇచ్చినవ్?”

“నల్లా పైపుకు. లక్సెట్టిపేటల అందరు గట్లనే ఇస్తరు.”

“అందరికి బ్యాటరీ కార్లు ఉన్నయా?”

ఆమె గొడుగు కొనతో పైపును చూపిస్తూ షెడ్డు వెనక్కి నడిచింది. వెనకాలే పేతురు, వాడి వెనకాలే, మాటలు విని ఇంట్లోంచి కర్ర పట్టుకుని వచ్చిన వకీల్‌సాబ్. గోడ అవతల మూడు అడుగులు పోగానే ఇనుప పైపు అయిపోయి, బూడిదరంగు ప్లాస్టిక్ పైపు మొదలైంది.

“తుప్పు పట్టిందని పోయిన ఎండకాలం నేనే మార్పిచ్చిన,” అన్నాడు దామోదర్‌రావు నెమ్మదిగా.

“ప్లాస్టిక్‌లకెల్లి కరెంటు భూమిలకు పోదు సార్. రేపు కారుల ఏదన్న వైరు తెగి బాడీకి తాకిందనుకోండ్రి. ఎర్త్ సక్కగుంటే కరెంటు భూమిలకు పోయి ఫ్యూజు కొట్టేస్తది. లేకుంటే కారు తలుపు ముట్టినోళ్ల సంగతేంది?”

షెడ్డులోకి తిరిగి వచ్చి కారు మీద చెయ్యి వేయబోయిన వకీల్‌సాబ్, ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు.

“నేను సంతకం పెట్ట,” అంది సలోమి.

“మేడం, నా పనికి ఇప్పటిదాంక ఎవ్వరు వంక పెట్టలే.”

“నేను పెట్టిన గద. సరిజేసి పిలువు, వస్త.”

గొడుగు చంకన పెట్టుకుని, లూనా బండి ఎక్కి వెళ్లిపోయింది. దామోదర్‌రావు గొంతు సవరించుకున్నాడు. “చూడు పేతురూ, శుక్రవారం లోపల కాకుంటే మంచిర్యాలకెల్లి కంట్రాక్టరును పిలిపిస్త. ఊరందరికి చెప్పుకున్న. ఇజ్జత్ ప్రశ్న.”

ఇజ్జత్ ఆయనకొక్కడికేనా? పేతురు ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నం కంచం ముందు కూర్చుని ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాడు. పొగరన్నాడు, పెద్ద ఆఫీసరన్నాడు. నీలం చీర గురించి కూడా రెండుసార్లు చెప్పాడు. తిట్లలో చీర ప్రస్తావన ఎందుకని తోమాసు అడగలేదు. పెద్దమనిషి.

“పిల్ల సరిగ్గనే చెప్పింది గదరా,” అన్నాడు.

“నువ్వు గూడ ఆమె దిక్కేనా బాపూ?”

“నేను గుంత దిక్కు. ఆరు ఫీట్లు తవ్వి రాగి రేకు పెడదాం. ఉప్పు, బొగ్గు పొరలు పొరలుగ పోద్దాం. సబ్‌స్టేషన్ల గట్లనే తవ్విచ్చుకున్నరు నాతోని. పొద్దుగాల పద.”

గురువారం పొద్దున తండ్రీ కొడుకులు షెడ్డు వెనక, ఈశాన్యం మూల, మెత్తటి నేల చూసి గుంత తవ్వారు. అడుగున రాగి రేకు నిలబెట్టి, దానికి తీగ బిగించి, ఒక వరుస బొగ్గు, ఒక వరుస ఉప్పు పోయడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే దామోదర్‌రావు అక్కగారు రాధాబాయి గోరుచిక్కుడు కాయలు తెంపుకుందామని పెరట్లోకి వచ్చింది.

చూసింది. కాయల గిన్నె వదిలేసింది.

“అయ్యో అయ్యో! బాణామతి! ఈశాన్యం మూలకు ఉప్పు, బొగ్గు, రాగి రేకు పాతుతుండ్రు! గిందుకే పొద్దుగాల బర్రె తన్నింది!”

బర్రె రోజూ తన్నుతుంది. ఆ సంగతి ఆ క్షణాన ఎవరికీ గుర్తు రాలేదు. చూస్తుండగానే గోడ మీద తలకాయలు మొలిచాయి, గేటు తోసుకుని పాతిక మంది లోపలికి వచ్చారు. ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది గానీ ఆ రోజుల్లో ఆ ఊళ్లలో బాణామతి అంటే, చేతబడి అంటే, నవ్వులాట మాట కాదు. ఆ మాట పడ్డవాళ్లను చెట్టుకు కట్టేసి కొట్టిన ఊళ్లున్నాయి. తోమాసుకు అది తెలుసు. గుంతలో నిలబడ్డ ఆయన పారను మెల్లగా గట్టు మీద పెట్టేశాడు.

“మొత్తం తవ్వి బయట పడేయిండ్రి! వాళ్లను ఊకె ఇడిశిపెట్టకుండ్రి!” అన్నారెవరో.

పేతురు గుంతకు అడ్డంగా నిలబడ్డాడు. “మా బాపు మీద చెయ్యి ఎయ్యాలంటే ముందుగాల నన్ను దాటాలె. గిది ఎర్త్ గుంత. కావాలంటే మేడంను అడుగుండ్రి.”

“ఆగుండ్రి, ఎవ్వరు ముట్టద్దు,” అని దామోదర్‌రావు కర్ర ఎత్తి, లోపలికి పోయి కరెంటాఫీసుకు ఫోను చేశాడు.

పది నిమిషాల్లో లూనా వచ్చింది. ఆ పది నిమిషాలు పేతురుకు పదేళ్లయ్యాయి. సలోమి జనాన్ని చూసింది, గుంతను చూసింది, తోమాసు మొహాన్ని చూసింది. ఒక్క మాటతో అందరినీ పంపేయగల ఆఫీసరే. కానీ పంపేస్తే గుంత మీద మచ్చ అట్లాగే ఉండిపోతుందని ఆమెకు తెలుసు.

“పేతురూ, నీ గుంత మీద నీకు నమ్మకం ఉన్నదా?”

“ఉన్నది.”

“అందరి ముంగట టెస్ట్ చేస్త. ఫెయిలైతే అందరి ముంగటనే ఫెయిల్ అని రాస్త. మల్ల ఏమనుకోవద్దు.”

“రాయిండ్రి మేడం.”

గుంత నింపడం పూర్తిచేశారు. సలోమి షెడ్డులోని బోర్డు నుంచి ఒక కరెంటు తీగ తెచ్చి రెండువందల వాట్ల బల్బుకు కలిపింది. బల్బు రెండో తీగను ముందు నల్లా పైపుకు తగిలించి స్విచ్ వేసింది. వెలగలేదు.

“గిది పాత ఎర్త్. కరెంటు భూమిలకు పోతేనే బల్బు వెలుగుతది. చూసిండ్రు గద, వట్టిదే.”

తర్వాత స్విచ్ ఆపి, ఆ తీగను గుంతలోంచి వచ్చిన తీగకు కలిపి మళ్లీ స్విచ్ వేసింది. బల్బులో సన్నటి తీగ ఎర్రగా కాలింది. అంతే. వెలుగు లేదు.

“చూసిండ్రా! నెత్తురు రంగు!” అంది రాధాబాయి.

సలోమి రిపోర్టు కాగితం తీసింది గానీ, కలం మూత విప్పలేదు. అప్పుడు తోమాసు మెల్లగా అన్నాడు.

“మేడం, గుంత దూపకొన్నది. ఈసారి తొలకరి ఇంక పడలే గద. ఉప్పు తడవాలె, గప్పుడే పట్టుకుంటది.”

సలోమి కళ్లు మెరిశాయి. మెయిన్ బంద్ చేసి, అందరినీ దూరం జరిపి, నీళ్ల బిందె తెచ్చి రాధాబాయి చేతికిచ్చింది.

“మీరే పొయ్యిండ్రి అమ్మా. మీ చేతి నీళ్లల్ల మంత్రం ఉండదు గద.”

కాదనడానికి దారి లేక రాధాబాయి పోసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు బిందెలు. గుంత గుటగుటమని తాగింది. అందరూ వెనక్కి జరిగారు. సలోమి మెయిన్ ఆన్ చేసి స్విచ్ వేసింది.

పట్టపగలు, ఆ ఎండలో, బల్బు భగ్గుమని వెలిగింది. రాధాబాయి కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

“బాణామతికి బల్బు వెలుగుతదా అమ్మా? మనుషుల పానం కాపాడే గుంత ఇది. సబ్‌స్టేషన్ల గిసొంటియి మస్తుగ ఉన్నయి,” అంది సలోమి.

ముందుగా రాధాబాయే తేరుకుంది. “గా ముక్క ముందుగాల చెప్పద్దా? నేను పరేషానైన. ఓ తోమాసూ, తప్పు నాదే. మనసుల పెట్టుకోకు. మా బర్రె కొట్టంల గూడ ఒకటి తవ్వరాదు?”

జనం నవ్వుకుంటూ చెదిరిపోయారు. సలోమి రిపోర్టు కాగితం బోనెట్ మీద పరిచింది. ‘పని చేసినవారు’ అన్న చోట పేతురు తన పేరు రాసి కలం ఇవ్వబోయాడు.

“గుంత ఎవరు తవ్విండ్రు?” అని అడిగింది.

“మా బాపు, నేను.”

“నీళ్లు పొయ్యాలని ఎవరు చెప్పిండ్రు?”

“మా బాపే.”

“మరి సగమే రాసినవేంది? సగం నిజం మీద నేను సంతకం పెట్ట.”

పేతురు తన పేరు పక్కన తోమాసు అని రాశాడు. కింద ఆమె సంతకం చేసింది. తోమాసు చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని కాగితం అందుకున్నాడు. బైబిలు చదివినట్టు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. మళ్లీ చదివాడు.

“ముప్పై ఏండ్లల్ల కరెంటు కాయితం మీద నా పేరు ఇదే మొదలు,” అన్నాడు. ఆ మాటకు పేతురుకు ఏడుపూ గర్వమూ ఒకేసారి వచ్చాయి. గర్వమే గెలిచింది.

ఆదివారం చర్చి అయ్యేసరికి తొలకరి పడింది. సన్నటి జల్లులో, చప్పుడు లేకుండా బ్యాటరీ కారు గేటు దాటింది. నడిపేది వకీల్‌సాబ్, పక్క సీట్లో తోమాసు. వకీల్‌సాబే పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. ఊరంతా గొడుగులు వేసుకుని చూసింది. ఖాళీ షెడ్డులో వాన చూస్తూ పేతురూ సలోమీ ఇద్దరే మిగిలారు.

“మేడం, ఒక మాట.”

“మొన్న అక్కా అన్నవ్?”

“నిచ్చెన మీద ఉన్న. మొఖం సరిగ్గ కనవడలే.”

“ఇప్పుడు కనవడుతుందా?”

“మంచిగ.”

సలోమి తల తిప్పుకుంది. వానజల్లు చెంప మీద పడ్డా తుడుచుకోలేదు.

“మీరేమో ఆఫీసరు. నేను ప్రైవేటు వైర్‌మన్ను. అడుగుదామంటే నోరు వస్తలేదు,” అన్నాడు పేతురు.

“నీ పని చూసిన నాడే నచ్చినవ్. గీత గీసినట్టు పని చేసేటోడు మనిషి గూడ గట్లనే ఉంటడనుకున్న. గని సంతకం కాకముందు చెప్తే, మొఖం చూసి పాస్ చేసిందంటరు. నీ పనికి గా పేరు రావద్దని ఊకున్న.”

“ఫెయిల్ చేసిన రోజు గూడ నచ్చిననా?”

“ఫెయిలైంది ఎర్తు. నువ్వు గాదు.”

పేతురు నవ్వాడు. ఆ నవ్వు ఆపడం వాడి చేతిలో లేదు. “నన్ను చేసుకుంటవా సలోమీ?”

“చేసుకుంట. నన్ను కన్న మా అవ్వ రిబ్కమ్మ ఉట్నూర్ల దవాఖానల పనిజేస్తది. మీ బాపును వచ్చి అడగమను.”

కారు తిరిగొచ్చింది. తోమాసు దిగి, ఇద్దరి మొహాలూ చూసి, సంగతి విన్నాడు. సంతోషంతో కొడుకు భుజం తట్టాడు, వెంటనే భయం పట్టుకుంది.

“ఆఫీసరైన పిల్లను అడుగుడంటే మాటలా? నీ కొడుకు ఏం పని చేస్తడని మీ అవ్వ అడుగుతది గద. ఏం చెప్పాలె మేడం?”

సలోమి ఆయన చెయ్యి పట్టుకుంది.

“నేను ఒకసారి వద్దని, రెండోసారి ఊరందరి ముంగట సంతకం పెట్టిన పని చేస్తడని చెప్పు మామా.”

తోమాసు తడి కళ్లతోనే నిటారుగా నిలబడి, ఉట్నూరుకు పొద్దున మొదటి బస్సు ఎన్నింటికని వకీల్‌సాబ్‌ను అడిగాడు.