కొత్త జడ్జి ముందు

హైదరాబాద్ బస్సు పోచంపల్లి దాటకముందే డానిష్ మొదలుపెట్టాడు.

“కేసు వాపస్ తీసుకుందాం నరేశ్.”

నాకు ఒళ్ళు మండింది. మా ఇద్దరి పెళ్ళిని రిజిస్టర్ చేయమని హైకోర్టులో వేసిన పిటిషన్ అది. ఆరు నెలలు కూర్చుని రాసింది అతనే. అతను నల్లగొండలో వకీలు, నేను మగ్గం నేస్తాను.

“ఎందుకంట?”

“జడ్జి మారిండు. పాతాయన హక్కులంటే జర మెత్తగుంటుండె. గీయన చట్టంల రాసిన మాట దాటి ఇంచు జరగడు. నలభై తీర్పులు చదివిన ఆయనవి.”

“నా మెసేజీలు మాత్రం చదవవు!”

“మజాక్ కాదురా. పెళ్ళి హక్కు లేదని సుప్రీంకోర్టు అననే అన్నది. గీయన గూడ కొట్టేస్తే, మన ఎనుక వచ్చేటోళ్ళకు ఆ తీర్పే అడ్డం పడ్తది.”

అతని భయం నిజమే. అయినా నేను వదల్లేదు.

“ఇల్లిడిసిన పిల్ల కేసుల గీయన ఏమన్నడో మొన్న చెప్పినవు గదా?”

“మేజరైన మనిషి ఎవరితోనుండాల్నో ఆ మనిషిష్టం అన్నడు.”

“మరింకేంది! పెళ్ళి అడుగు. కాదంటే కలిసి బతికే రక్షణ అడుగు, దవాఖానల నా తరఫున సంతకం పెట్టే హక్కు అడుగు. వాపస్ మాత్రం నేను తీస్కోను.”

డానిష్ నన్ను గుర్రుగా చూశాడు. ఆ చూపంటే నాకు ప్రాణం, కానీ అప్పుడు చెప్పలేదు.

కోర్టు హాల్లో వెనక బెంచీ మీద మా బాపు దశరథం కూర్చుని ఉన్నాడు. కేసు వేసిన రోజు నుంచి మాతో మాట్లాడటం మానేశాడు. నన్ను లాక్కుపోవడానికే వచ్చాడనుకున్నాను.

మా కేసు పిలిచారు.

“రెండో పిటిషనర్ ఎవరు?” అన్నారు జడ్జిగారు.

“నేనే, మై లార్డ్,” అన్నాడు వకీలు గౌనులో ఉన్న డానిష్.

“సొంత కేసులో గౌను వేసుకుని వాదించకూడదు. తెలియదా?”

నలభై తీర్పులు చదివినవాడు కంగారులో ఆ ఒక్క రూలు మరిచిపోయాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. డానిష్ గౌను విప్పి, ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడిపోయాడు.

నేను లేచేలోపే బాపు ముందుకు వచ్చి చేయి చాపాడు.

“ఇట్ల తే. నేను పట్టుకుంట. నువ్వు చెప్పు బిడ్డా.”

డానిష్ కళ్ళు తుడుచుకున్నాడు. కాగితాలు పక్కన పెట్టేశాడు.

“మై లార్డ్, ఈ నరేశ్‌ని నేను ప్రేమిస్తున్నాను. అక్కడి నుంచే మొదలుపెడతాను.”

జడ్జిగారు పెన్ను అందుకున్నారు.

“చెప్పండి.”