ఏ ఫీజండీ?

“ఫీజు తీసేయండి. రేపు కాదు, ఎల్లుండి కాదు. ఇప్పుడే, ఈ క్షణమే తీసేయండి.”

ఆమె అలా అన్నదో లేదో, యూనివర్సిటీ ఆడిటోరియం మొత్తం చీకటైపోయింది. మైకు మూగబోయింది. పైనున్న ఫ్యాన్లు నీరసంగా తిరిగి తిరిగి ఆగిపోయాయి.

ముందు వరసలో కూర్చుని రిహార్సల్ వింటున్న స్నేహితురాళ్లు పకపకా నవ్వారు. ఆమెకు మాత్రం ఒళ్లు మండింది. క్లాసులో అందరూ ఆమెను ‘మైకు’ అనే పిలుస్తారు. ఏ మైకూ లేకుండానే ఆఖరి బెంచీదాకా వినిపించే గొంతు ఆమెది. దాన్ని మధ్యలో ఆపే సాహసం ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

సెల్‌ఫోన్ లైటు వేసుకుని, హాలు వెనకనున్న స్విచ్‌బోర్డు గదిలోకి విసవిసా వెళ్లింది. నీలం చొక్కా వేసుకున్న ఎలక్ట్రీషియన్ ఒకడు, చేతిలో తెల్లటి పింగాణీ ఫ్యూజు పట్టుకుని, ఎంతో బుద్ధిగా నిలబడి ఉన్నాడు. మహా అయితే ఆమెకన్నా ఏడాదో రెండేళ్లో పెద్దవాడు.

“కరెంటు ఎందుకు తీశారు?”

“మీరే కదండీ తీయమన్నారు.”

“నేనా?”

“స్టేజి మీంచి చెప్తారు, చెప్పగానే ఫీజు తీసెయ్, వైరు మార్చాలి అన్నాడు మా సూపర్‌వైజరు. మీరు చెప్పారు. పైగా ఇప్పుడే, ఈ క్షణమే అన్నారు. ఎవరికైనా షాక్ కొట్టిందేమో అని పరిగెత్తాను.”

ఫ్యూజును అందరూ ఫీజు అనే అంటారు. ఇంట్లో అమ్మ కూడా ‘ఫీజు ఎగిరిపోయింది’ అనే అంటుంది. కానీ ఈ మధ్య ట్యూషన్ ఫీజు తప్ప లోకంలో ఇంకో ఫీజు ఉందన్న సంగతే ఆమె మర్చిపోయింది.

“నేనన్నది ఆ ఫీజు కాదు. చదువుకు కట్టే ఫీజు.”

“అదా.” అతను ఫ్యూజును దాని చోట్లో పెట్టి నొక్కాడు. లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. “అది తీసే పవర్ నాకు లేదండీ.”

నవ్వకూడదని గట్టిగా అనుకుంది. అయినా గుమ్మం దాటేలోపే నవ్వేసింది.

నిజానికి ఆమెకు నవ్వే పరిస్థితి లేదు. ఈ ఏడాది యూనివర్సిటీ ఫీజును ఉన్నపళంగా రెట్టింపు చేసింది. వాళ్ల నాన్న టైలరు. ఇంటి ముందు గదే షాపు. అందులో రెండు మిషన్లు, ఒకదాని మీద నాన్న, రెండోదాని మీద అమ్మ. కూతురి ఆఖరి సంవత్సరం ఫీజు కోసం ఆ రెండోదాన్ని నాన్న బేరానికి పెట్టాడు. అమ్మేమో, కొనేవాళ్లు చూడటానికి వస్తారని దానికి నూనె వేసి, శుభ్రంగా తుడిచి పెట్టింది.

అది చూసినరోజే ఆమె నిర్ణయించుకుంది. ఫీజు తగ్గకపోతే చదువు మానేస్తుంది గాని, అమ్మ మిషను మాత్రం గడప దాటనివ్వదు. వైస్ ఛాన్సలర్ విద్యార్థుల మాట వింటానని ఒక సభ పెట్టారు. అందులో మాట్లాడేది తనే. ఆ సభ మీదే ప్రాణాలన్నీ పెట్టుకుంది.

మర్నాడు రిహార్సల్ అయ్యేసరికి వాన పట్టుకుంది. ఆడిటోరియం మెట్ల దగ్గర పంచలో ఆమె, ఎలక్ట్రీషియన్ మిగిలారు. వాన తగ్గేలా లేదు. అతను గొంతు సవరించుకున్నాడు.

“మీ స్పీచ్ బాగుంది. కానీ ఓ డౌటు.”

“అడగండి.”

“చదువు అందరికీ ఫ్రీగా ఇవ్వాలంటున్నారు. మా అన్నయ్య లారీ డ్రైవరు. కాలేజీ గడప తొక్కలేదు. వాడు కట్టే పన్నుతో మీరు చదువుకుని, ఏసీ గదిలో కూర్చుంటారా?”

“మీ అన్నయ్యకు జ్వరమొస్తే చూసే డాక్టరు ఎక్కడినుంచి వస్తాడు? ఆయన లారీ వెళ్లే వంతెనకు లెక్కలు వేసిందెవరు? నేను చదివితే లాభం నాకొక్కదానికేనా? లాభం అందరిదీ, ఖర్చు మాత్రం మా నాన్నదా?”

“సరే, ఓ మార్కు వేశాను. మరి నా జీతం?”

“మీ జీతానికేమైంది?”

“మావి కాంట్రాక్టు ఉద్యోగాలు. మీ ఫీజుల డబ్బుతోనే మాకు ఇస్తారు. అది తగ్గితే ముందు పోయేది మేమే. మీరేమో ఫీజు తీసేయండి అంటారు, వాళ్లు ఫీజు వేసేవాణ్ని తీసేస్తారు.”

ఎదురు ప్రశ్నలు వేయించుకోవడం మైకుకు అలవాటు లేదు.

“మీరు నా వైపా, వాళ్ల వైపా?” అంది ఉక్రోషంగా.

“నేను ఒకప్పుడు మీ పక్క బిల్డింగులో ఫిజిక్స్ చదివానండీ. ఫస్టియర్ అయ్యాక ఆపేశాను. అప్పుడూ ఇలాగే పెంచారు. అడగడానికి మీలాంటివాళ్లు ఎవరూ లేకపోయారు.”

నవ్వుతూనే అన్నాడు గాని, ఆమెకు మనసు చివుక్కుమంది. వాన వెలిసినా ఇద్దరూ కాసేపు కదల్లేదు.

ఆ సాయంత్రం కూర్చుని ఆమె స్పీచ్ మొత్తం మార్చేసింది. ఇదంతా పాపం అతని మీద జాలి అనుకుంది. జాలే అయితే మర్నాడు కాలేజీకి బయల్దేరేముందు వేసిన జడ విప్పి మళ్లీ ఎందుకు వేసుకుందో మాత్రం ఆలోచించలేదు.

“రేపు మీ మైకు నా చేతిలో ఉంటుంది,” అన్నాడతను సభ ముందురోజు.

“మధ్యలో పీకేయవు కదా?” మీరు కాస్తా నువ్వు ఎప్పుడైందో ఆమే గమనించలేదు.

“ఏ ఫీజో స్పష్టంగా చెప్తే పీకను.”

సభరోజు హాలు కిటకిటలాడింది. వేదిక మీద మధ్య కుర్చీలో వైస్ ఛాన్సలర్, నెరిసిన జుట్టు పెద్దావిడ, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటున్నారు. పక్కన రిజిస్ట్రారు. ఫీజు పెంచుదామన్న ఆలోచన ఆయనదేనని అందరికీ తెలుసు.

“మా నాన్న మా అమ్మ మిషను అమ్మితే నేను చదవాలి. నా ఫీజు తగ్గితే ఇక్కడ పనిచేసేవాళ్ల జీతం పోవాలి. ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను ఎంచుకోను,” అంది ఆమె. “వాళ్ల కడుపు కొట్టే ఫ్రీ చదువు నాకొద్దు. చదువు అందరి ఆస్తి అయినప్పుడు ఖర్చు కూడా అందరిదీ కావాలి. ఆ మాట ప్రభుత్వాన్ని అడగాల్సింది మీరు. మమ్మల్ని పిండటం తేలికని మమ్మల్నే పిండుతున్నారు.”

హాలంతా చప్పట్లు. రిజిస్ట్రారు ముఖం మాడిపోయింది. ఆయన లేచి, పక్క దారినుంచి చరచరా వెనక్కి నడిచి, స్విచ్‌బోర్డు గదిలోకి వెళ్లడం ఆమెకు కనిపించింది.

ఆయన తీయమంటే అతను తీయక ఏం చేస్తాడు? అతని ఉద్యోగం ఆయన చేతిలో ఉంది. తీసినా తప్పు పట్టకూడదని తనకు తనే చెప్పుకుంది. అయినా మైకును ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

అప్పుడు హాల్లోని స్పీకర్లన్నిటిలోంచీ రిజిస్ట్రారు గొంతు వినిపించింది.

“ఏం చూస్తున్నావయ్యా? ఫీజు తీసెయ్.”

“సార్, సరిగ్గా చెప్పండి. ఫీజు తీసేయమంటారా?”

“తీసెయ్యమన్నానా లేదా? మొత్తం తీసెయ్.”

“మొత్తమా సార్? తర్వాత నన్నంటారు.”

“ఎవరూ ఏమీ అనరు. ఆ పిల్ల నోరు మూయించడానికి అదొక్కటే దారి. బాధ్యత నాది.”

ఆ గదిలో అనౌన్స్‌మెంట్ల కోసం ఇంకో మైకు ఉంటుంది. దాని స్విచ్ ఎవరు వేశారో చెప్పక్కర్లేదు.

హాల్లో పైకప్పు ఎగిరిపోయేలా నవ్వులు, ఈలలు. వైస్ ఛాన్సలర్ కళ్లజోడు తీసి, నవ్వుతూ కళ్లు తుడుచుకున్నారు.

“మన రిజిస్ట్రారుగారిది ఇంత పెద్ద మనసని నాకు ఇంతవరకూ తెలీదు,” అన్నారు తన మైకులో. “నువ్వు పూర్తి చెయ్యమ్మా. ఈలోపు ఎవరూ ఏ ఫీజూ ముట్టుకోవద్దు.”

చదువు ఉచితమైపోలేదు. కానీ ఇప్పటికే చేరినవాళ్లందరికీ పాత ఫీజే అని ఆ వారంలోనే ప్రకటించారు. కొత్తవాళ్ల ఫీజు తగ్గించడానికీ, కాంట్రాక్టువాళ్ల జీతాలకూ నిధులు అడగడానికి పెద్దావిడ స్వయంగా ప్రభుత్వం దగ్గరికి బయల్దేరారు. అమ్మ తన మిషను మీది గుడ్డ తీసి, ఏమీ జరగనట్టు జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది.

అంతా బాగానే ఉంది, అతను తప్ప. ఆడిటోరియంలో ఇంకో ఎలక్ట్రీషియన్ కనిపించాడు. పాతాయన్ని ఎక్కడో హాస్టళ్ల వెనక మోటారు షెడ్డుకు మార్చారన్నాడు. ‘థాంక్స్’ అని మెసేజ్ పెడితే, జవాబుగా బల్బు బొమ్మ ఒకటి వచ్చింది. అంతే. తన మూలంగా అంత దూరం పోవాల్సి వచ్చిందని కోపమేమో, అసలు మాట్లాడటమే ఇష్టం లేదేమో అని ఆమె కుమిలిపోయింది.

ఒక సాయంత్రం టైలరుగారి ఇంట్లో కరెంటు పోయింది.

“వీధంతా ఉందే,” అన్నాడు నాన్న, సగం కుట్టిన కాలరు పట్టుకుని.

“ఫీజు ఎగిరిపోయుంటుంది నాన్నా. నాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, పిలుస్తాను.”

అతను ఆయాసపడుతూ వచ్చాడు. గుమ్మంలోనే ఆమె గొంతు తగ్గించి నిలదీసింది.

“కోపమా నామీద?”

“కోపమెందుకు? పాత ఫీజు ఒకప్పుడు చేరి మానేసినవాళ్లకూ వర్తిస్తుందా అని ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాను. ఇవాళే సరేనన్నారు. పొద్దున డ్యూటీ, సాయంత్రం సెకండియర్ క్లాసులు. ఖాయమయ్యాకే నీకు చెబుదామనుకున్నాను.”

ఆమెకు కళ్లు చెమర్చాయి. చీకట్లో ఎవరికీ కనబడలేదు.

నాన్న టార్చి పట్టుకుంటే, అతను గోడమీది బోర్డు మూత తెరిచాడు. ఒకసారి చూశాడు. మళ్లీ చూశాడు.

“ఎగిరిపోలేదండీ. అసలిక్కడ ఫీజే లేదు. ఎవరో పీకేశారు.”

టార్చి వెలుగు మెల్లగా తిరిగి కూతురి మీద ఆగింది. ఆమె ఒక చెయ్యి వెనక్కి దాచుకుని ఉంది. అంత పెద్ద హాలును దద్దరిల్లజేసిన మైకు, చివరికి ఆ పింగాణీ ముక్కను తెచ్చి అతని అరచేతిలో పెట్టింది.

“ఎవరు తీయమన్నారు?” అన్నాడతను, నవ్వు ఆపుకుంటూ.

“ఎవరూ అనలేదు. ఊరికే పిలిస్తే వస్తావో రావోనని భయమేసింది. నువ్వు కనబడకపోతే నాకేమీ తోచడం లేదు.”

“నాకూ అంతే,” అన్నాడతను నెమ్మదిగా.

నాన్న గట్టిగా దగ్గాడు.

“బాబూ, మీ ఇంట్లో పెద్దవాళ్లెవరు?”

“అన్నయ్య, వదిన అండీ. అన్నయ్య లారీ డ్రైవరు.”

“అన్నయ్యగారు లారీలో వస్తారా, బస్సులోనా?”

“ఎక్కడికండీ?”

“ఇక్కడికే. మాట్లాడుకోవాలి కదా.”

“ఆ మాటలు తర్వాత,” అంది అమ్మ, చీకట్లో తన మిషను దగ్గరనుంచి. “ముందు ఆ లైటు వెయ్యనివ్వండి. పిల్లాడి మొహం నేనింకా సరిగ్గా చూడనేలేదు.”