ఇరవై ఏళ్లు ఎక్కువ వేసిన కార్డు

ఉదయం ఏడింటి నుంచి ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. పాత కార్ల ప్రదర్శనకు వచ్చిన ప్రతి బండికీ గేటు దగ్గర వయసు కార్డు రాసి అంటించడం ఆమె పని. నలభై ఏళ్లు దాటిన కారైతేనే లోపలికి. ఆ రూలు పెట్టింది క్లబ్బు ప్రెసిడెంటు, అంటే స్వయానా ఆమె నాన్న.

ఆమె చూపులు మాత్రం రోడ్డు మీదే ఉన్నాయి, ఒక పసుపు రంగు చిన్న కారు కోసం.

దాని యజమాని కళ్లజోళ్ల షాపు కుర్రాడు. కారుకు ఇరవై రెండేళ్లు. మూడేళ్లుగా వస్తున్నాడు, మూడేళ్లుగా ఆమె వెనక్కి పంపుతూనే ఉంది. పోయినసారి వెళ్తూ వెళ్తూ, "ఇంకొక్కసారి వస్తానండీ. అప్పుడూ కాదంటే మళ్లీ కనబడను," అన్నాడు. ఆ మాట ఏడాది పొడుగునా ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు.

తొమ్మిదిన్నరకు తుంపర మొదలైంది. ఆ తుంపరలోనే పసుపు కారు వచ్చి ఆగింది.

"ఈసారైనా ముసలిదైందాండీ నా బండి?" అన్నాడతను అద్దం దించి.

"దానికి ఒక్క ఏడాదే పెరిగింది. మీ బుద్ధి ఆ మాత్రం కూడా పెరగలేదు."

"అయితే రివర్స్ చేసుకోమంటారా?"

అతని చెయ్యి గేరు మీదకు పోయింది. ఆమె గబగబా కార్డు మీద 'నలభై రెండు' అని రాసి అద్దానికి అంటించేసింది.

"నోరు మూసుకుని లోపల పెట్టండి."

పావుగంటలో నాన్న తనిఖీకి వచ్చాడు. కార్డు చదివి, అలవాటు కొద్దీ బంపరును వేళ్లతో కొట్టి చూశాడు. ఆ కాలం బంపరైతే ఖణేల్‌మనాలి. ఇది టప్‌మంది. ప్లాస్టిక్. ఇనప బంపర్ల మధ్య పెరిగిన పిల్ల ఆ ముక్కే మరిచిపోయింది.

"ఈ కార్డు ఎవరు రాశారమ్మా?"

"నేనే రాయించాను అంకుల్," అన్నాడు కుర్రాడు.

"అబద్ధం నాన్నా. నేనే రాశాను. మూడుసార్లు పంపేశాను, ఈసారీ పంపేస్తే ఇక రానన్నాడు. అతను రాకపోతే నాకు బాగుండదు."

అనేశాక ఆమె చెవులు వేడెక్కాయి.

నాన్న కుర్రాడి వైపు తిరిగాడు. "మూడుసార్లు పంపేసినా వచ్చావు. మా కార్లంటే అంత పిచ్చా?"

"మీ కార్ల గురించి నాకేం తెలీదు అంకుల్. నన్ను వెనక్కి పంపడానికి మీ అమ్మాయికి ప్రతిసారీ పది నిమిషాలు పట్టేది."

నాన్న నవ్వు ఆపుకుంటూ మైదానం వైపు చూశాడు. ఒకప్పుడు అరవై కార్లు వచ్చిన చోట పద్నాలుగే ఉన్నాయి, పక్కన నిలబడ్డవాళ్లందరివీ నెరిసిన తలలే. పసుపు కారు చుట్టూ మాత్రం అప్పుడే నలుగురు కాలేజీ పిల్లలు చేరారు. "మా అమ్మ డ్రైవింగ్ నేర్చుకుంది ఇలాంటి దాంట్లోనే," అంటోంది ఒకమ్మాయి, ఫోటో తీసుకుంటూ.

"నిజం వయసు రాయమ్మా," అన్నాడు నాన్న, కార్డు పీకి ఆమె చేతికిస్తూ. "ఇరవై దాటినవాటికి ఇవాళ్టి నుంచి ఇంకో వరస." తర్వాత ఎవరూ పిలవకుండానే అవతలి కార్ల వైపు నడిచాడు.

ఆమె కొత్త కార్డు రాసింది. అక్షరాలు వంకరగా వచ్చాయి.

"వచ్చే ఏడాది కూడా వస్తారా?"

"ఏడాది దాకా ఎందుకండీ? రేపు వస్తా."

"రేపు షో లేదు."

"తెలుసు."

"అయితే పొద్దున్నే రండి," అందామె.